శరత్కాల సంగీత సభలు: పెనుకొండ, లేపాక్షి, ధర్మవరము

కావ్యములలోని శరత్తు వేరు, అనంతపురపు సీమలోని శరత్తు వేరు. కావ్యములలో ఆ ఋతువు రాగానే మబ్బులు విడిపోవును, ఏటినీరు తేరును, వెన్నెల తెల్లబడును. ఈ సీమలో అది ఇంకను వానకై ఎదురుచూచు కాలము. ఏడాది వానలో పెద్ద భాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే కురియవలెను. వేరుసెనగ చేను చేతికి వచ్చునో రాదో, చెరువులో నీరు నిలుచునో నిలువదో ఆ దినములలోనే తేలును. ఇట్టి సందేహముల నడుమనే ఇక్కడ దసరా పండుగ వచ్చును. మహానవమినాడు సంగీతము నేర్చిన ఇండ్లలో వీణను, వయొలినును, మృదంగమును పీటపై నుంచి పసుపు కుంకుమలతో పూజింతురు. ఆ దినము వాద్యమును ముట్టరు. మరునాడు విజయదశమి. ఆనాడు తీగను సవరించి మొదటి స్వరము పలికింతురు. రేడియో ఉన్న ఇంట ఆ సాయంకాలము కచేరి వినుటయు పండుగలో ఒక భాగమే.

ఈనాడు సంగీత సభల ఋతువనగానే పెక్కురకు మద్రాసు నగరము, మార్గశిర మాసము స్మరణకు వచ్చును. ఆ సంప్రదాయము 1927 డిసెంబరులో, అక్కడ కాంగ్రెసు మహాసభతో పాటు జరిగిన సంగీత సమావేశమునుండి పెరిగినది. అది సుమారు నూరేండ్ల మాట. దానికి ఎన్నో వందల ఏండ్లకు పూర్వమే దక్షిణదేశమున రాజాస్థానములలో సంగీత నాట్యములకు ఒక ఋతువు ఏర్పడియుండెను. అది శరత్తు. ఆ పాత సంప్రదాయము ఎట్లు వర్ధిల్లెనో, ఎట్లు తరలిపోయెనో, దానిలో మనకు మిగిలినదేమో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. ధర్మవరములో బెంగుళూరు వైపు పోవు రైలెక్కినచో పెనుకొండ, హిందూపురము వరుసగా వచ్చును. హిందూపురమున దిగి సుమారు 15 కిలోమీటర్లు పోయినచో లేపాక్షి చేరుదుము. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ ఊళ్ళన్నియు ఉన్నవి. ఈ కొద్దిపాటి దూరములో ఒక పెద్ద ప్రశ్నకు సమాధానము దొరకును. సభ చేయించిన ప్రభువు పోయిన తరువాత పాటకు దిక్కెవరు?

మొదట విజయనగరపు మహానవమిని తలచుకొందము. 1443లో హీరాతు నగరపు షారూఖు సుల్తాను రాయబారియైన అబ్దుల్ రజాకు ఆ ఉత్సవమును కన్నులార చూచెను. రాజునకు ఎదుట అందమైన తెర యొకటి ఉండెననియు, అది తొలగినంతనే గాయనీమణులును నర్తకులును కనుపట్టిరనియు, వారి పదవిన్యాసము చూచి మనస్సు పరవశించెననియు వ్రాసికొన్నాడు. సుమారు 1520లో, శ్రీకృష్ణదేవరాయల కాలమున, పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెసు అదే ఉత్సవమును తొమ్మిది దినములు చూచి, ఉదయపు పూజ మొదలు రాత్రి బాణసంచా వరకు వరుసగా వర్ణించెను. అతని వ్రాతలో మల్లయుద్ధములు, గుఱ్ఱముల అలంకరణములు, సామంతుల కానుకలు ఎన్నియో కలవు. సంగీతప్రియులు ఆగి చదువవలసిన దొక చిన్న భాగము మాత్రము ఉత్సవ వర్ణనములో లేదు. నగరిలోని నాట్యశాలను గూర్చి అతడు చెప్పిన చోట ఉన్నది.

ఆ శాలలో అంతఃపురపు స్త్రీలు నాట్యము నేర్చుకొనుచుండిరి. దాని గోడలపై పలకలు పలకలుగా నర్తకీప్రతిమలు చెక్కియుండెను. ఒక్కొక్క ప్రతిమ ఒక్కొక్క నాట్యము ముగియునపుడు నిలువవలసిన భంగిమను చూపును. అభ్యసించునామె తాను నిలువవలసిన తీరు మరచెనేని, ఆ పలకను చూచి జ్ఞప్తికి తెచ్చుకొనును. పాయెసు దీనిని వింతగా చెప్పినాడు గాని, మనకిది వింత కాదు. మన పూర్వులు శిల్పమును కేవలము అలంకారమునకై చెక్కలేదనుటకు ఇది నిదర్శనము. శిల్పము అక్కడ పాఠ్యపుస్తకము. వ్రాతపుస్తకమును చెదలు తినును, గురువు గతించును, రాతిపై చెక్కినది మాత్రము శిష్యులు మారినను నిలిచియుండును.

ఆ నాట్యశాల నేడు లేదు. దానిని తలపించు మండపము లేపాక్షి వీరభద్రాలయములో ఉన్నది. కృష్ణరాయల తరువాత 1529 మొదలు 1542 వరకు ఏలిన అచ్యుతదేవరాయల కాలమున విరుపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కూర్మశైలమను చిన్న గుట్టపై ఆ ఆలయమును పెంచిరి. పెనుకొండ అధికారముతో సంబంధించినవారు వారు. ఆలయపు నాట్యమండపము నడుమ నిలుచున్నచో చుట్టును స్తంభములపై ఒక కచేరి సాగుచున్నట్లుండును. బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు. తుంబురుడు వీణ మీటుచున్నాడు. రంభ నాట్యమాడుచున్నది. మూడు కాళ్ళ భృంగి అడుగు వేయుచున్నాడు. పై కప్పునందలి వర్ణచిత్రములలో ఆనాటి స్త్రీపురుషులు తమ చీరలతోను కుళ్ళాయిలతోను నిలిచియున్నారు. ఆలయమున కల్యాణమండపము మాత్రము కట్టుచుండగనే ఆగిపోయినది. కప్పు లేని స్తంభములు ఇప్పటికిని ఆకాశమును చూచుచున్నవి. బొక్కసపు ధనమును ఆలయమునకు వ్యయపరచినాడన్న నేరము తనపై పడగా విరుపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు, గోడపైని ఎర్రని మచ్చలు ఆ గుర్తులేననియు స్థలములోని వారు చెప్పుదురు. కథలోని నిజమెంతయైనను, ఒకరి సొమ్ముతో మరియొకరు నడపు కళకు వచ్చు చిక్కులను జనులు మరవలేదని అది తెలుపుచున్నది.

ఈ మండపములో మనకు వినబడనిది ఒక్కటే, శబ్దము. తుంబురుని వ్రేళ్ళు తీగపై ఉన్నవి గాని ఆ తీగ ఏ స్వరమును పలుకుచున్నదో శిల్పి చెప్పలేడు. ఆ లోపమును కొంతవరకు తీర్చునది ఆ కాలపు శాస్త్రగ్రంథము. లేపాక్షి పనులకు తరువాత కొద్ది ఏండ్లకే, 1550లో, అళియ రామరాయల ప్రోత్సాహమున రామామాత్యుడు స్వరమేళకళానిధి యను గ్రంథమును సంస్కృతమున రచించెను. సంగీతరత్నాకరమునకు వ్యాఖ్యానము వ్రాసిన కల్లినాథుని మనుమడాయన. రాగములను ఇరువది మేళములుగా విభజించి, వీణపై మెట్లను ఏ యే చోట నిలుపవలెనో ఆయన వివరించెను. రాగము మారినపుడెల్ల మెట్లను కదల్చు శ్రమ లేక, నిలిచియున్న మెట్లపైనే అన్ని రాగములను పలికింపగల వీణను ఆయన వర్ణించినాడు. ఈనాడు మన ఇండ్లలో కదలని మెట్లతో నున్న వీణను చూచునపుడు, ఆ మార్గమున జరిగిన యోచన ఎంత పాతదో తెలియును. ఆ విధముగా రాతిలో భంగిమయు, తాళపత్రములో శాస్త్రమును నిలిచినవి. ఇక పాట సంగతి చూడవలెను. దానికై పెనుకొండకు పోవుదము.

ఘనగిరి యని పేరున్న పెనుకొండ విజయనగర ప్రభువులకు మొదటినుండియు ముఖ్యమైన దుర్గము. అక్కడ జరిగిన ఒక సంగీత సభ వృత్తాంతము తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో వ్రాసిన అన్నమాచార్య చరిత్రములో ఉన్నది. చిన్నన్న అన్నమాచార్యుని మనుమడు. ఈ చరిత్రమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1949లో విపులమైన పీఠికతో ప్రకటించిరి. తరువాత 1485లో విజయనగర సింహాసనము నెక్కిన సాళువ నరసింహరాయలు, అంతకు మునుపే అన్నమయ్యను ఎరిగినవాడు, అభిమానించినవాడు. ఆయన పెనుకొండలో కొలువుదీరియుండగా అన్నమయ్యను పిలిపించి పాడించుకొనెను. శృంగార పదము లొకటొకటిగా విని పరవశుడై, అట్టి పదమొకటి తనపైని చెప్పుమని కోరెను. అన్నమయ్య చెవులు మూసికొని హరినామము స్మరించి, హరిని కీర్తించు నాలుకతో నరుని పాడజాలనని చెప్పెను. అంతవరకు మిత్రుడైన రాజు కుపితుడై, ఆ వాగ్గేయకారుని సంకెలలో పెట్టించెను. అన్నమయ్య తన స్వామిని వేడుచు చెరలోనే పాడెననియు, సంకెలలు జారిపోయెననియు, రాజు పశ్చాత్తప్తుడై మన్నింపు కోరెననియు చిన్నన్న చెప్పుచున్నాడు.

సంకెలలు విడిపోవుటను భక్తులు మహిమగా విందురు. చరిత్ర చదువువాడు సంకెలలు వేయుటను గూర్చి కూడ ఆలోచించును. ఆ సభలో ఏ లోపమును లేదు. రసజ్ఞుడైన రాజు ఉన్నాడు, గొప్ప గాయకుడు ఉన్నాడు, మంచి పాట ఉన్నది. రాజునకు పాట నచ్చకపోవుట వలన ఈ కష్టము రాలేదు. మిక్కిలి నచ్చుట వలననే వచ్చినది. నచ్చినదానిని తనదిగా చేసికొనవలెనని ప్రభువు తలచెను. సభకు చోటిచ్చినవానికి పాటపై హక్కు ఎంతవరకు అన్న ప్రశ్న పెనుకొండలో ఆనాడే పుట్టినది. దానికి అన్నమయ్య ఇచ్చిన సమాధానమును మనము మున్ముందు మరల తలచుకొందము.

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధమున రామరాయలు కూలెను. విజయనగరము పాడుపడెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన ధనమును పరివారమును తీసికొని పెనుకొండకు వచ్చి, అక్కడనుండి రాజ్యమును నిలుపజూచెను. మహానవమి రాజచిహ్నముల పూజ గనుక రాజు ఎక్కడనో ఉత్సవమును అక్కడనే. పెనుకొండ ఈవిధముగా ఒక పెద్ద సంప్రదాయమునకు వారసురాలైనది. రామరాజభూషణుడు వసుచరిత్రమును అంకితమిచ్చినది ఈ తిరుమలరాయలకే. సంగీతములో ఆయనకు గల ప్రవేశము ఆ కావ్యపు పద్యముల నడకలో స్పష్టముగా కనబడును. అందుకనే వానిని వీణపై పలికించువారు తరతరములుగా ఉండిరి. ఆ కాలపు కట్టడములలో గగనమహలు నేటికిని నిలిచియున్నది. దానిని 1575 ప్రాంతమున కట్టించిరని చెప్పుదురు. క్రింద కమానులు, పైన దేవాలయ శిఖరమును పోలిన గోపురము. ఇరుగు పొరుగు రాజ్యములతో యుద్ధము చేయుచునే వారి వాస్తువును నేర్చుకొన్న కాలమది. ఊరిలో పార్శ్వనాథుని బసదియు, బాబయ్య దర్గాయు, శివాలయ రామాలయములును ఉన్నవి. పెనుకొండను ఏ యొక్కరి సొత్తుగను చెప్ప వీలులేదు.

ఆ వైభవము ఎక్కువ కాలము నిలువలేదు. ముట్టడి వెంట ముట్టడి వచ్చెను. 1586లో రాజ్యమునకు వచ్చిన వేంకటపతిరాయలు 1592 ప్రాంతమున రాజధానిని చంద్రగిరికి మార్చెను. పిమ్మట అది వేలూరునకు పోయెను. రాజుతో పాటు కవులు, గాయకులు, నర్తకులును వెడలిపోయిరి. కొందరికి తంజావూరు నాయకుల ఆస్థానము ఆశ్రయమైనది. శరత్కాలపు మహానవమి మాత్రము వేరొక దారి పట్టినది. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్టణమును వేంకటపతిరాయల ప్రతినిధినుండి వశపరచుకొని, ఆ సంవత్సరమే అక్కడ నవరాత్రి ఉత్సవమును విజయనగరపు పద్ధతిలో ఆరంభించెను. అదియే తరువాత మైసూరు దసరాయై జగత్ప్రసిద్ధమైనది. వీణ శేషణ్ణ, వాసుదేవాచార్యుల వంటి విద్వాంసులను పోషించిన ఆస్థానము ఆ దర్బారే. మనము ఈనాడు మైసూరు దసరా కచేరీలను మెచ్చుకొనునపుడు, ఆ ఉత్సవము నడచి వచ్చిన త్రోవలో పెనుకొండ ఒక మజిలీ యని గుర్తుంచుకొనుట న్యాయము.

రాజులు వెడలిపోయిరి. మరి అన్నమయ్య పాట ఏమైనది? దానిని ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడును మనుమలును రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున ఉంచిరి. కాలక్రమమున ఆ చిన్న రాతిగదిని జనులు మరచిరి. 1922లో అవి పండితుల దృష్టికి వచ్చినవి. అన్నమయ్య 32,000 సంకీర్తనలు చెప్పెనని చిన్నన్న వ్రాయగా, సుమారు 12,000 మాత్రమే దొరకినవి. రేకులపై పాట ఉన్నది, దానికి ఎదురుగా రాగము పేరును ఉన్నది. స్వరములు మాత్రము లేవు. సామంతము, పాడి, దేసాళము వంటి రాగనామములు కనబడును గాని వానిని ఆయన ఎట్లు పాడెనో రాగి చెప్పదు. లేపాక్షి రాతిలో భంగిమ ఉండి నాదము లేనట్లే, తిరుమల రాగిరేకులలో మాట ఉండి వరుస లేకపోయెను.

ఆ వరుసలను తిరిగి కూర్చిన మహనీయులలో అగ్రగణ్యులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. ఆయన 1893లో అనంతపురము జిల్లాలోని రాళ్ళపల్లిలో జన్మించిరి. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి 1949 వరకు పనిచేసిరి. పెనుకొండ సీమనుండి మహానవమి ఏ దిక్కునకు పోయెనో ఆ దిక్కునకే ఈ యువకుడును విద్యతో పోయెనన్నమాట. మైసూరులో ఆయన సాహిత్యముతో పాటు సంగీతమును శాస్త్రముగను గానముగను సాధించిరి. ఉద్యోగ విరమణానంతరము తిరుపతికి వచ్చి, అన్నమయ్య రేకులను పరిశీలించి, వందకు పైగా కీర్తనలకు స్వరకల్పన చేసిరి. రేకుపై ఏ రాగము పేరు ఉన్నదో, ఆ రాగపు పాత ప్రయోగములను లక్ష్యలక్షణములలో వెదకి, పాటలోని మాటల బరువునకు భంగము కలుగకుండ స్వరములను కూర్చుట సామాన్యమైన పని కాదు. ఆయనకు 1974లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదమిచ్చి సత్కరించినది. 1979లో ఆయన పరమపదించిరి. పెనుకొండ కొలువులో సంకెలలు తగిలించుకొన్న కవి పాటకు, ఆ సీమలోనే పుట్టిన పండితుడొకడు నాలుగువందల యేబది ఏండ్లకు పైబడిన తరువాత తిరిగి గొంతునిచ్చెను. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. అయినను ఈ సీమ వారు గర్వముతో చెప్పుకొనదగిన సంగతి.

ధర్మవరమును గూర్చి చెప్పక ఈ కథ ముగియదు. పెనుకొండ కళలను రాజు పోషించెను, లేపాక్షి కళలను ఆలయము పోషించెను. ధర్మవరమున మూడవ పోషకుడు కనబడును. అతడు సామాన్య గృహస్థుడు. లేపాక్షి కప్పు మీది చిత్రములలో స్త్రీలు కట్టిన చీరల అంచులును పూలును ధర్మవరపు మగ్గములపై నేటికిని నేయబడుచున్నవి. రంగులు మాసిపోవుచున్న గోడచిత్రములోని అంచు, పెండ్లికి కొను పట్టుచీరలో ఏటేట క్రొత్తదగుచున్నది. రాజాజ్ఞ లేకయే ఆ కళ నిలిచినది. దానిని కొనువారు ఇంటింట ఉండుటయే అందుకు కారణము. నేతగాని కుటుంబమంతయు దారము తీయుట, అచ్చు అతుకుట, పడుగు చేయుట మొదలైన పనులలో పాలు పంచుకొనును. కళ బ్రదుకుట యనగా దానిని చేయువాడు బ్రదుకుటయే యని ఆ వీధులలో నడచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

సంగీతమునకు సంబంధించిన మరియొక మార్పునకును ధర్మవరము పేరు అతుకుకొనియున్నది. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853లో ఇక్కడ జన్మించి, బళ్ళారిలో న్యాయవాదియై, చిత్రనళీయము మొదలైన నాటకములను రచించి ఆడించెను. తెలుగు నాటకములో పాటలను ప్రవేశపెట్టినవాడుగా ఆయనను పేర్కొందురు. 1912లో ఆయన కీర్తిశేషుడయ్యెను. రాజు ఎదుట మాత్రమే వినబడు రాగమును నాటకశాలలో గుమాస్తాయు, వర్తకుడును, విద్యార్థియు వినుట ఆ తరములోనే విస్తరించినది. అక్కడ పాటను మరల పాడుమని కోరుటకు ప్రేక్షకునికి హక్కు ఉన్నది. తనపైని పాట చెప్పుమని కోరుటకు మాత్రము ఎవనికిని హక్కు లేదు. పెనుకొండ సభకును ఈ నాటకశాలకును గల భేదమంతయు ఇందులోనే ఉన్నది.

ఆ భేదమును ఇంకను దూరము తీసికొనిపోయినది రేడియో. దీనికిని మైసూరుతో చుట్టరికమున్నది. రాళ్ళపల్లివారు బోధించుచుండిన మహారాజా కళాశాలలోనే మనశ్శాస్త్రాచార్యులైన ఎం. వి. గోపాలస్వామిగారు 1935 సెప్టెంబరులో తమ ఇంటినుండి ఒక చిన్న ప్రసార కేంద్రమును నడప మొదలిడిరి. దానికి ఆకాశవాణి యని పేరు పెట్టిరి. ఆ పేరును సూచించినది నా. కస్తూరిగారని చెప్పుదురు, ఆయన తరువాతి కాలమున పుట్టపర్తిలో స్థిరపడిరి. 1950ల దశకములో ఆ పేరే యావద్భారత ప్రసార సంస్థకును వచ్చినది. 1954లో రేడియో సంగీత సమ్మేళనము ప్రారంభమైనది. ఆహ్వానితుల ఎదుట కచేరి జరిపి, దానిని దేశమంతటికిని వినిపించు ఆ సమ్మేళనమునకు కూడ శరత్తునే ఎన్నుకొనిరి. మహానవమి దిబ్బపై ఒక్క రాజు కూర్చుండి వినిన కచేరిని ఇప్పుడు గుంతకల్లులో రైలు ఉద్యోగియు, హిందూపురమున బెల్లపు వర్తకుడును, ధర్మవరమున మగ్గపు గుంటలో కాళ్ళాడించుచున్న నేతగాడును ఒకే క్షణమున వినగలిగిరి.

అయితే రేడియోకును ఒక లోపమున్నది. రాతిలో నాదము లేదు, రాగిలో వరుస లేదు; రేడియోలో చోటు లేదు. స్టూడియో గోడలకు మెత్తని పలకలు తాపి ప్రతిధ్వనిని మ్రింగివేయుదుము. శబ్దము శుభ్రముగా వచ్చును గాని అది ఎక్కడ పుట్టినదో తెలియదు. రాతిమండపములో పాడినచో అట్లు కాదు. గొంతు స్తంభములను తాకి మరల వచ్చును. వీణ నాదము ఇంకను కొంతసేపు నిలుచును. మృదంగపు వేగమైన జతులు మాత్రము ఒకదానిలో ఒకటి కలిసిపోవును. గాయకుడు అందుకు తగినట్లు కాలమును తగ్గించి, విరామములను పెంచి పాడవలసి వచ్చును. చోటు కూడ గాయకునికి పాఠము చెప్పును. మన పాత పదములలో విలంబమునకు గల ప్రాధాన్యమును అట్టి మండపములో పాడినవారు సులభముగా గ్రహింతురు.

ఈ కారణమున చారిత్రక స్థలములలో శరత్కాల సభలు జరుగవలెనని కోరుట కేవలము వేడుకకై కాదు. లేపాక్షిలో 2016లోను 2018లోను ప్రభుత్వము ఉత్సవములను జరిపినది. వేలకొలది జనులు వచ్చిరి. అవి శిశిర వసంతముల నడుమ జరిగినవి. ఈ సీమకు తరతరములుగా వచ్చిన సంగీత ఋతువు దసరా గనుక, ఆ దినములలో కొద్దిమందితోనైనను సభలు జరుపుట ఉచితము. లేపాక్షి వీరభద్రాలయమును, ఏకశిలా నందియును 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల తాత్కాలిక జాబితాలో చేరినవి. గౌరవము పెరిగినకొలది బాధ్యతయు పెరుగును. కేంద్ర రక్షణలోనున్న కట్టడములలో వినోద సభలు జరుపవలెనన్నచో ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి కావలెనని 1959 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. మతాచారముగా వచ్చుచున్న వానికి మాత్రము మినహాయింపు కలదు. దీనిని అడ్డంకి యనుకొనరాదు. చిత్రములున్న కప్పు క్రింద పెద్ద దీపములు పెట్టి, వందలాది జనులను నింపి, మైకుల హోరు పుట్టించుట కళకు సేవ కాదు. ఆవరణలోనో, నంది ఎదుటి బయలులోనో, గగనమహలు ముంగిటనో సాయంకాలము చాపలు పరచి, ఒక వీణ, ఒక గొంతు, ఒక మృదంగముతో జరుపు సభ చాలును.

ఆ సభలో ఏమి పాడవలెనన్నది అన్నిటికంటె ముఖ్యము. ఎక్కడనైనను పాడగల కచేరినే తెచ్చి అక్కడ పాడినచో మండపము వెనుక వ్రేలాడదీసిన పటమువలె అగును. పెనుకొండలో అన్నమయ్య పాటను పాడవలెను. లేపాక్షిలో శివుని స్తుతించు కృతులతో పాటు నాట్యమును ఉండవలెను. ఆడువారి ఎదుటనే ఆ భంగిమలు స్తంభములపై కనబడవలెను. ధర్మవరమున రంగస్థల గీతములకును పద్యములకును ఒక రాత్రి కేటాయింపవలెను. వసుచరిత్ర పద్యములను వీణతో వినిపింపవలెను. ఆ దినములలో ఈ ఊళ్ళ బాలబాలికలకు ప్రవేశము రుసుము లేకుండ ఉండవలెను. స్తంభముమీది తుంబురుని చూచి తన ఇంటనున్న వాద్యమును గుర్తించు బాలుడు ఒక్కడు దొరకినను ఆ శ్రమ ఫలించినట్లే.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సభ చేయించిన ప్రభువు పోయిన తరువాత పాటకు దిక్కెవరు? నరసింహరాయల కొలువుకూటము నేడు లేదు. ఆయన కోరిన పదము పుట్టనేలేదు. ఆయనకు ఇవ్వనని చెప్పిన కవి పాటలు మాత్రము రాగిరేకులలో దాగి, రాళ్ళపల్లివారి వంటి పండితుల చేతులలో తిరిగి మేల్కొని, నేడు ఆంధ్రదేశమున తెల్లవారుజామున రేడియో పెట్టిన ఏ ఇంటనైనను వినబడుచున్నవి. అన్నమయ్య ఆనాడు పాటను రాజునకు వ్రాసి ఇచ్చియుండినచో అది ఆ రాజుతోనే ముగిసియుండునేమో. ఎవరికిని వ్రాసి ఇవ్వకపోవుట చేత అది అందరిదైనది.

కనుక ఈ శరత్తులో మహానవమినాడు వీణను పీటపై నుంచిన గృహస్థులు, విజయదశమి సాయంకాలము రేడియోలో ఒక అన్నమయ్య కీర్తన వినవచ్చినపుడు, అది ఏ ఊరి కొండ క్రింద ఎట్టి సంకెలలను దాటి వచ్చినదో పిల్లలకు ఒక్కమాట చెప్పవలెనని కోరుచున్నాను. వీలైన వారు ఆ పిల్లలను తీసికొని ధర్మవరమున రైలెక్కి పెనుకొండలోను హిందూపురములోను దిగవలెను. వాన కురిసిన ఏడాదియైనచో దారిలో చెరువులును నిండియుండును.